ఒడి దించమన్న మేడం

“ఆ ఫోను నోరు మూయిస్తావా, లేకుంటే నేనే దాన్ని బండకేసి కొట్టల్లా?” అంది నా కోడలు సుజాత.

“కొట్టు సూద్దాం. కొట్టినాక నీ అన్నం తట్ట కూడా వేరే ఇంట్లో పెట్టుకో,” అన్నాను.

“పెట్టుకుంటా లే. పొద్దున కూడా ఇట్లనే అరిచె. నెత్తిన ఎండ మండుతాంటే అందర్నీ లేపితివి. సినుకు పడిందా? పోయిన వారం లేపితివి. ఆపొద్దన్నా పడిందా? లింగన్న ఏమన్నాడో ఇన్నావు గదా! ఇంకోసారి ఫోను మోగిందని సేను ఇడిసిపోతే వేరే గుంపును పిలుచుకుంటాడంట.”

“పిలుచుకోనీ.”

“పిలుచుకుంటే మేమేం తినల్ల? నీ ఫోనునా?”

“పానం ఉంటే యాడైనా పని దొరుకుతాది.”

“పానం, పానం! ఆ మేడం ఉన్నన్నాళ్ళూ మేడం మాట. ఆయమ్మ పోయింది, ఆయమ్మ మాట మాత్రం నీకు పట్టిన దయ్యం మాదిరి ఇంకా వదల్లేదు. రేపట్నించి నేను పక్క వీధి గుంపుతో పోతాండా. నా ఎంబడి వచ్చేవాళ్ళు శానామంది ఉండారు.”

“పో. పిడుగు పక్క వీధి గుంపును సూసి జరిగి పోతాదని నీకెవరో సెప్పినట్టుండారు.”

సుజాత చేట విసిరేసి లోపలికి పోయింది. ఫోను ఇంకా అరుస్తూనే ఉంది. ఆ మోత వినని వాళ్ళకు అదెట్లా ఉంటుందో చెప్పాలి. పాట కాదు, గంట కాదు. ఎండు కొయ్య మీద రంపం పెట్టి ఆపకుండా లాగినట్టు ఉంటుంది. నొక్కి ఆపినా చెవిలో కాసేపు నిలిచే ఉంటుంది. ఫోను అద్దం మీద తెలుగు అక్షరాలు వస్తాయి, పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు అని. ఆ మోత వినబడినప్పుడల్లా నాకు ముందు తడిసిన పత్తి వాసన గుర్తుకొస్తుంది. దాని వెనకనే విమల మేడం గొంతు వస్తుంది. ఆ సాయంత్రం కూడా వచ్చింది.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ, పెద్దరోడ్డు దిగి లోపలికి పోవాల్సిన ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప, శనగ పండుతాయి. నేను చాలా ఏళ్ళుగా ఆడకూలీల గుంపుకు మేస్త్రిని. రైతు నాతో మాట్లాడుకుంటాడు, నేను మనుషుల్ని పిలుచుకొని పోతాను. చేను గుత్తకు పట్టుకున్నామంటే అందరం కలిసి తీయాలి, వచ్చింది అందరం సమంగా పంచుకోవాలి. అందుకని మాలో ఒక పద్ధతి ఉంది. మేస్త్రి నడుముకు కట్టుకున్న ఒడి, అంటే తీసిన పత్తి వేసుకునే గుడ్డ, దించేదాకా గుంపులో ఎవరూ ఒడి దించరు. దప్పికైనా, నడుము పట్టేసినా, ఒకామె లేచి గట్టుకు పోయిందంటే మిగిలినవాళ్ళ కళ్ళన్నీ ఆమె వీపు మీదే ఉంటాయి. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు. నాకు ముందున్న మేస్త్రి అట్లా నడిపింది, నేనూ అట్లాగే నడిపాను. నన్ను గట్టిమనిషి అంటారు. పిసినారి అని కూడా అంటారు. రెండింటికీ నేను బాధపడలేదు.

ఆ రోజు పొద్దున రైతు లింగన్న చేనులో ఉన్నప్పుడు ఫోను మోగింది. నేను ఒడి దించాను. అందరూ దించారు. చేనుగట్టునే లింగన్న మోటారు రూము ఉంది గానీ దానికి తాళం. ఎరువుల మూటలు పెట్టుకున్నాడు. దాంతో రోడ్డు పక్కన ఉన్న బడి దాకా ఎండలో నడిచిపోయాము. కౌతాళం దిక్కున కాసేపు నల్లగా కమ్ముకుంది. తర్వాత ఆ మబ్బు ఎటు పోయిందో పోయింది. మేము తిరిగి చేనుకు వచ్చేసరికి పొద్దు చాలా వాలింది, లింగన్న గట్టు మీద నిలబడి ఊరంతా వినబడేటట్టు అరుస్తున్నాడు. గుంపులో ఎవరూ నా మొహం చూడలేదు. అందరి మనసులో ఉన్నదే ఇంటికొచ్చాక సుజాత నోట వచ్చింది. గుంపు విడిపోతే నాకు వేరే బతుకు లేదని కాదు. కానీ వాళ్ళు పక్క గుంపుకు పోతే, మోగినా అక్కడ ఎవరూ ఒడి దించరు. అది నాకు తెలుసు.

విమల మేడంను చూడనివాళ్ళకు ఆమె ఎవరో చెబుతాను. ఆమెది ఆదోనే. తండ్రి పత్తి జిన్నింగు మిల్లులో కూలి. ఆమె చదువుకొని, పెద్ద పెద్ద ఊళ్ళలో ఉద్యోగాలు చేసి, చివరికి దేశదేశాలు తిరిగే పనిలో చేరింది. తుపాను, వరద, పిడుగు, వడగాలి మీద పడకముందే జనానికి కబురు అందేటట్టు ఏం ఏర్పాట్లు చేసుకోవాలో బీద దేశాల ప్రభుత్వాలకు సలహా చెప్పడం ఆమె పని. ఎండలూ వానలూ ఇదివరకటి మాదిరి లేవు, వాటి వరస తప్పింది, ఆ దెబ్బ ముందుగా తగిలేది గట్టి కప్పు లేనివాళ్ళకే అని ఆమె అనేది. మా పక్క ఊరి గుంపులో ఒకామె వేపచెట్టు కింద నిలబడి పిడుగుపాటుకు పోయింది. ఆ సంగతి తెలిసి మేడం ఈ దిక్కు వచ్చింది. ఆఫ్రికాలో పత్తి పండే ఒక దేశానికి ఆమె సలహా చెప్పాల్సి ఉందట. అక్కడా చేలల్లో వంగేది ఆడవాళ్ళేనట. ముందు తనకు భాష తెలిసిన చేలల్లో చూసుకొని పోదామని వచ్చింది.

గుడ్డబూట్లు వేసుకొని, గొడుగు పట్టుకొని గట్టు మీద నిలబడిన ఆమెను చూసి, ఏదో లోను ఇచ్చేవాళ్ళ మనిషి అనుకున్నాను.

“ఏ పథకం మేడం?” అని అడిగాను.

“పథకం కాదమ్మా. మీతో కాసేపు మాట్లాడాలని వచ్చాను.”

“ఉత్తగ మాట్లాడేదానికి మాకు టయిము లేదు. ఒడి కట్టుకొని పక్క సాలులోకి రా. సేతులు ఆడిస్తా మాట్లాడు.”

అట్లా అంటే పోతుందనుకున్నాను. ఆమె గొడుగు గట్టున పెట్టి, మా గుంపులోని మరియమ్మ దగ్గర పాత చీరముక్క అడిగి తీసుకొని, ఒడి కట్టుకొని వచ్చింది. పత్తితోపాటు ఎండాకు కూడా పీకుతోంది. నాకు ఒళ్ళు మండింది. “ఆకు రాకుండా తియ్యి మేడం. ఈ సెత్తతో పోతే ఆదోని మార్కెట్లో మా రైతు మొగం ఎవరూ సూడరు,” అన్నాను. ఆమె చేతిలో ఉన్న ఆకు ముక్కను వేళ్ళతో నలిపి చూసింది. “ఈ దుమ్ముకేనమ్మా, మా నాయన దగ్గి దగ్గి పాయ,” అంది. అంతదాకా అచ్చు పుస్తకంలో మాదిరి మాట్లాడిన మనిషి ఒక్కసారిగా మా మాటలోకి వచ్చేసింది. తర్వాత ఎప్పుడూ మాతో పుస్తకం మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం నా మూటలోని జొన్నరొట్టె సగం విరిచి, గురెళ్ళ కారంతో పెట్టాను. తుంట కూడా మిగల్చకుండా తినింది, కారం అంటిన వేలు నాకింది. తిండి పారేయని మనిషిని నేను తొందరగా నమ్ముతాను. ఆమెను ఆ రోజే నమ్మాను.

పని మధ్యలో ఆమె అడిగింది, “ఉరిమితే మీరేం సేస్తారు?” అని.

“ఏం సేస్తాం? యాప సెట్టు కిందికి పోతాం. అందరి మీదా ఒక ప్లాస్టిక్ పట్ట కప్పుకుంటాం. అర్జునా, ఫల్గుణా అనుకుంటాం,” అన్నాను.

“మేము యేసయ్యను తల్సుకుంటాం. పట్ట మాత్రం ఒకటే,” అంది మరియమ్మ.

మేడం నవ్వలేదు. “తల్సుకోండి. నేనూ తల్సుకుంటా. కానీ సెట్టు కింద వద్దు. గోడలూ పైకప్పూ ఉన్న గదిలో కూసోని తల్సుకోండి. దేవునికి యాడున్నా ఇనబడుతాది,” అంది. మా నమ్మకాన్ని తీసిపారేయకుండా మా కాళ్ళను మాత్రమే జరిపిన మనిషిని నేను మొదటిసారి చూశాను. అంతకుముందు వచ్చిన వాళ్ళందరూ మాకు ఏం తెలియదో చెప్పి పోయేవాళ్ళు.

ఆమె మా దగ్గర చాలా రోజులు తిరిగింది. పొద్దున ఆదోని బస్టాండులో ఉగ్గాని తిని, ఆటో ఎక్కి వచ్చేది. ఒక రోజు హెచ్చరికలు పంపే ఆఫీసువాళ్ళతో మాట్లాడి, మేము చేనులో ఉన్న సమయానికి ఉత్తుత్తి హెచ్చరిక ఒకటి పంపించింది. గట్టు మీద అన్నం మూటల్లో పెట్టిన ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఒక్కరూ లేవలేదు. అందరూ తలెత్తి నన్ను చూశారు. నా సాలు ఇంకా ముగియలేదు, నేను తీస్తూనే ఉన్నాను. వాళ్ళూ వంగి తీయడం మొదలుపెట్టారు. మేడం గట్టు మీద చప్పట్లు కొట్టి ఎగిరినంత పని చేసింది.

“దొరికిందమ్మో, దొరికింది!”

“ఏం దొరికింది? సెవి కమ్మ పోగొట్టుకున్నావా?” అన్నాను.

“కమ్మ కాదు. అందరి ఫోన్లకూ పంపితే సాలని అనుకుంటాండాము. అందరికీ ఇనబడింది. ఎవరన్నా లేచినారా? అందరూ నీ నడుమునే సూస్తాండారు. నువ్వు ఒడి దించితే గదా వాళ్ళు లేచేది!”

“అది మా పద్ధతి.”

“ఆ పద్ధతే కావల్ల నాకు. దాన్ని మార్చొద్దు. ఈరమ్మా, ఫోను మోగితే నువ్వు ఒడి దించు. సాలు ముగిసేదాకా ఆగొద్దు. మబ్బు ఉందా లేదా అని పైకి సూడొద్దు. రైతును అడగొద్దు. నన్నూ అడగొద్దు.”

నా జీవితంలో నన్ను ఎవరినీ అడగవద్దని చెప్పిన మొదటి మనిషి ఆమె. పెళ్ళికి నన్ను అడగలేదు. భూమి అమ్మినప్పుడు అడగలేదు. ఏ పనికైనా నేనే ఇంకొకరిని అడగాల్సి వచ్చింది. గుంపును నడిపేటప్పుడు కూడా రైతు మొహం చూసే నడిపాను. ఇప్పుడు ఇంతమంది ప్రాణాల మీద ఒక మాట చెప్పే పని నా చేతిలో పెట్టి, ఎవరినీ అడగవద్దు అంది.

ఆమె నాకు కొత్త ఫోను ఇవ్వలేదు. ఇస్తుందేమోనని మా వాళ్ళు ఎదురుచూశారు గానీ, నాకు ఆ ఆశ లేదు. “నేను ఇచ్చింది నాతోనే పోతాది. మీ దగ్గరున్నదే నిలుస్తాది,” అంది. మా కొడుకు పారేయబోయిన పాత ఫోను ఉంటే, అద్దం పగిలినచోట టేపు అంటించి దాన్నే వాడాను. అందులో పాటలు పెట్టనివ్వలేదు, ఆటలు ఆడనివ్వలేదు. చార్జింగు అయిపోతే మోగదు కదా. గుంపులో అందరి ఫోన్లూ మూటల్లో ఉంటే నాది మాత్రం నడుముకు కట్టిన వక్కాకు సంచిలో ఉండేది. నేను రెండో తరగతితో బడి మానినదాన్ని. అక్షరాలు కూడబలుక్కొని చదవాలి. మేడం ఎదురుగా కూర్చొని ప్రతి హెచ్చరికనూ నాచేతనే చదివించేది.

“నిదానంగా సదువు. నాకేం తొందర లేదు,” అంది ఒకసారి.

“నీకు లేదు. పిడుగుకు ఉండదా?” అన్నాను.

ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “అయితే మోతకే లెయ్యి. అక్షరాలు గదిలో కూసున్నాక సదువుకో,” అంది. అప్పటినుంచి అదే చేస్తున్నాను. ఇప్పుడు ఇదంతా రాయగలుగుతున్నానంటే, ఆ హెచ్చరికలు చదివి చదివే.

చెట్టు వద్దంటే మరి ఎక్కడికి పోవాలని మరియమ్మ అడిగింది. మేడం మమ్మల్ని వెంటబెట్టుకొని ఏ చేను దగ్గర ఏ గది ఉందో చూపించమంది. కొన్ని చోట్ల మోటారు రూములు, ఒకచోట బడి, ఒకచోట గుడి. మోటారు రూములోకి పోతే స్టార్టరు ముట్టుకోవద్దు, పైపులు పట్టుకోవద్దు, గోడకు ఆనుకోవద్దు అని నేర్పింది. “పోయేదానికి దగ్గర్లో తావు లేకుండా పొమ్మని సెప్పినామంటే, అది హెచ్చరిక కాదు, బెదిరింపు,” అనేది. ఆ మాటలో ఎంత లోతు ఉందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొదటిసారి నిజమైన హెచ్చరిక వచ్చింది. అందరినీ లేపి, మరో రైతు మోటారు రూములో కూర్చోబెట్టాను. పొద్దు గడుస్తోంది, ఎండ ఇంకా కాస్తూనే ఉంది. గాలి కూడా లేదు. ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. “ఈరమ్మత్తా, పిడుగు దారి తప్పినట్టుంది, ఎవర్నన్నా పంపించి పిలుచుకొని రమ్మంటావా?” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎంత మొండిమనిషినైనా, నలుగురిలో నవ్వులపాలు కావడం నాకు పడదు. మేడం నా పక్కనే కింద కూర్చొని ఉంది. అప్పుడు సముద్రం మధ్యలో ఉన్న ఒక చిన్న దేశం సంగతి చెప్పింది.

ఆ దేశంలో తుపానుకు ముందే ఊళ్ళు ఖాళీ చేయించే ఏర్పాటు మేడం వాళ్ళు కలిసి చేశారట. మొదటిసారి హెచ్చరిక రాగానే అందరూ పిల్లల్నీ పందుల్నీ పట్టుకొని గుట్ట ఎక్కారట. తుపాను పక్కకు తిరిగిపోయింది. దిగివచ్చి చూస్తే కొందరి ఇళ్ళలో సామాను పోయింది. వాళ్ళు తిట్టారు, నవ్వారు. ఆఫీసువాళ్ళు ఎవరూ ఆ ఊరికి పోయి వాళ్ళ ఎదుట కూర్చోలేదట. తుపాను రాలేదు కదా, చెప్పేదానికి ఏముంది అనుకున్నారు. మరుసటిసారి హెచ్చరిక వస్తే సగం మంది గుట్ట ఎక్కలేదు.

“ఆపొద్దు తుపాను తిరగలేదు,” అని మేడం ఆగిపోయింది.

పిడుగును పిలుచుకొని రమ్మంటావా అన్న ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి మేడం నాతో మాత్రమే అన్నట్టు మెల్లగా చెప్పింది. “మబ్బు ఏ సేను మీద పేలుతాదో ఎవరూ సెప్పలేరు ఈరమ్మా. ఈ సుట్టుపక్కల యాడో ఒకతావ అని మాత్రమే సెప్పగలం. వచ్చినప్పుడు నీ దగ్గరికి అందరూ వస్తారు. రానప్పుడు నువ్వే వాళ్ళ దగ్గరికి పోవల్ల. ఆపొద్దే పోవల్ల, తెల్లారేదాకా ఉంచొద్దు. ఇంటింటికీ పోయి, రాలేదు, మళ్ళీ మోగితే మళ్ళీ లేపుతా అని మొగం మీద సెప్పల్ల. ఈ పనిలో కష్టమంతా ఈడే ఉంది.”

“నేను ఎవరింటికీ పోయి సంజాయిషీ సెప్పేదాన్ని కాదు మేడం,” అన్నాను.

“తెలుసు. అందుకే నీకు సెప్తాండా,” అంది.

ఆ సాయంత్రం నేను పోలేదు. తనే పోయింది. ఇంటింటికీ తిరిగి, గడపల మీద కూర్చొని మాట్లాడి వచ్చింది. ఆ తర్వాత కూడా హెచ్చరిక తప్పినప్పుడల్లా నేను ఫోను చేసేదాన్ని. ఆమె ఏ దేశంలో ఉన్నా, మా వాళ్ళలో ఒకరిద్దరితో ఫోనులోనే మాట్లాడి సర్దిచెప్పేది. ఆ మరుసటి ఏడు మిరపచేనులో ఉండగా ఫోను మోగింది, ఒడి దించాము, గదిలోకి పోయాము. తలుపు వేసుకొని ఎంతో సేపు కాలేదు, చెవులు మూసుకుపోయేంత చప్పుడు. బయటికి వచ్చి చూస్తే, మేము ఎప్పుడూ అన్నం మూటలు పెట్టుకునే వేపచెట్టు నిలువునా చీలి ఉంది. కింద కట్టేసిన రైతు మేక చచ్చిపోయి ఉంది. ఆ తర్వాత చాలా కాలం నేను ఒడి మీద చెయ్యి వేస్తే చాలు, అందరూ లేచేవాళ్ళు. అయితే భయం కూడా ఒక పంట మాదిరిదే, కొన్నాళ్ళకు అయిపోతుంది. చెట్టు మొద్దును ఎవరో వంటచెరకుకు నరుక్కొని పోయారు. దాంతోపాటు ఆ రోజూ మరుగున పడింది.

నాకు అన్నిటికంటే గర్వంగా ఉండేది ఆదోనిలో జరిగిన మీటింగు. మేడం తిరిగిన దేశాల నుంచి మనుషులు వచ్చారు. మమ్మల్ని చూడాలని మా చేనుకు కూడా వచ్చారు. వాళ్ళలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకామె ఉంది. నా వయసే ఉంటుంది. ఆమె కూడా పత్తి తీసే గుంపుకు పెద్దేనట. నా మాట ఆమెకు రాదు, ఆమె మాట నాకు రాదు. ఆమె నా ఒడిని చూసి, తన రంగుల గుడ్డ విప్పి, వాళ్ళు ఎట్లా కట్టుకుంటారో చూపించింది. భుజం మీద నుంచి ఏటవాలుగా కట్టింది. నేను కట్టుకొని చూశాను. నడుము మీద బరువు తక్కువగా ఉంది. మాది ఆమెకు కట్టాను. బిగుతుగా ఉందని ముఖం చిట్లించింది. అందరూ నవ్వారు. ఆమె చేతివేళ్ళు నా చేతివేళ్ళ మాదిరే కాయ ముళ్ళకు చీరుకొని ఉన్నాయి.

మేడం మా ఇద్దరి మధ్య నిలబడి చెప్పింది. “వీళ్ళ ఊర్లో నెట్వర్కు రాదు ఈరమ్మా. డప్పు కొడతారు. డప్పు ఎవరు కొట్టల్లని వాళ్ళ దేశంలో శానా పంచాయితీ జరిగింది. నీ సంగతి సెప్పినాను. గుంపు పెద్ద సేతికే ఇచ్చినారు.”

“నా సంగతి ఆ దేశంలో సెప్పినావా?”

“పేరుతో సహా సెప్పినా. ఆదోని దగ్గర ఈరమ్మ అనే ఒక గట్టిముండ ఉందని సెప్పినా.”

నా వయసులో ఆ తిట్టుకు నేను పొంగిపోయాను. మీటింగులో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. మాట్లాడమంటే లేచి, “మోగితే ఒడి దించుతా, అంతే,” అని చెప్పి కూర్చున్నాను. ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. ఆ రోజు ఇచ్చిన టిఫిను పొట్లం ఇంటికి తెచ్చి మనవరాలికి పెట్టాను. అదీ నా గర్వమే.

చివరిసారి వచ్చినప్పుడు మేడం బాగా చిక్కిపోయి ఉంది. ఏమైందని అడిగితే పని ఎక్కువైందంది. ఆటో ఎక్కబోతూ, “నువ్వు నాకు ఫోను సేసి అడగాల్సిన పని లేకుండా పోతే, నా పని అయినట్టు లెక్క ఈరమ్మా,” అంది. పోయిన ఏడు ఉగాది దాటాక హైదరాబాదు నుంచి ఆమె చెల్లెలు ఫోను చేసి చెప్పింది, మేడం లేదని. నేను ఆ రోజు కూడా పనికి పోయాను. పోకుండా ఇంట్లో కూర్చుంటే ఆమెకు నచ్చదు.

సుజాతతో గొడవ పడిన ఆ సాయంత్రం, ఫోను మోత ఆగాక, అది చెప్పిన గడువు దాటేదాకా నేను గడప లోపలే కూర్చున్నాను. ఫోను చేసి అడగడానికి ఎవరూ లేరు. తెల్లారేదాకా ఉంచొద్దన్న మాట మాత్రం ఉంది. చెప్పులు వేసుకొని లేచాను. దీపాలు పెట్టే వేళ. ముందు మరియమ్మ ఇంటికి పోయాను. ఆమె నన్ను చూసి చేతిలో చెంబు కింద పెట్టింది.

“అమ్మో! ఈరమ్మ మా ఇంటికి వచ్చిందంటే పిడుగు పడినట్టే,” అంది.

“పడలేదు. అదే సెప్పేదానికి వచ్చినా. పొద్దున మిమ్మల్ని లేపినా, పడలేదు. యాడ పడిందో నాకు తెల్దు. మళ్ళీ మోగితే మళ్ళీ లేపుతా. పడకపోతే మళ్ళీ వచ్చి సెప్తా. ఇష్టమైతే రేపు రా.”

“లేపినందుకు కాదమ్మే మా బాధ,” అంది మరియమ్మ. “ఎండలో అంత దూరం నడిపించి, ఉన్న పొద్దంతా పోగొట్టినావు. ఆ రూము తెరిచుంటే కాసేపు కూసోని మళ్ళీ పనిలోకి దిగేవాళ్ళం గదా.”

ఆ తర్వాత పోయిన ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. దగ్గర్లో తావు లేకుండా పొమ్మంటే బెదిరింపు అవుతుందని మేడం ఎందుకు అనేదో అప్పుడు బోధపడింది. అక్కడినుంచి లింగన్న ఇంటికి పోయాను. ఆయన నన్ను చూసి, తప్పు ఒప్పుకోవడానికి వచ్చాననుకొని మంచం మీద సర్దుకొని కూర్చున్నాడు.

“రేపట్నించి ఫోను జోలికి పోనంటావా?” అన్నాడు.

“పోతాను. నీ మోటారు రూము తాళం తియ్యి లింగన్నా. దగ్గర్లో తావుంటే కాసేపు కూసోని మళ్ళీ సేనులోకి దిగుతాం. నీ పనీ నిలబడదు.”

“దాంట్లో ఎరువుల మూటలుండాయి. పోతే ఎవరు జవాబు?”

“నా గుంపులో దొంగలుంటే ఇన్నేండ్లూ నీ పత్తి ఇంటికెట్లా వచ్చిందప్పా? నేనే జవాబు. తియ్యకుంటే నేను రాను. ఇంకో గుంపును పిలుచుకో. వాళ్ళలో ఎవరికన్నా నీ సేనులో ఏమన్నా అయితే, ఆ ఇంటికి నువ్వే పోయి సెప్పుకో.”

ఆయన మొలకున్న తాళంచెవి తడుముకున్నాడు. ఆయన భార్య లోపలినుంచి మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. తాగి వచ్చేశాను. నడుస్తుంటే మోకాళ్ళు నొప్పి పుట్టాయి గానీ, ఏదో చెయ్యాల్సిన పని చేసినట్టుగా మనసు నిమ్మళంగా ఉంది. మేడం చేసిన పెద్ద పెద్ద ఏర్పాట్లు, యంత్రాలు నాకు తెలియవు. ఆమె నాలో మిగిల్చి పోయింది ఇది. సరైన మాట చెప్పి చెడ్డదాన్ని కావడానికి సిద్ధపడటం, చెడ్డదాన్నయిన రోజే పోయి గడప ముందు నిలబడటం. మొదటిది నాలో కొంత ముందే ఉందేమో. రెండోది పూర్తిగా ఆమెదే.

మరునాడు పొద్దున ఆటో వచ్చింది. ఇద్దరు రాలేదు, పక్క వీధి గుంపుతో పోయారు. మిగిలినవాళ్ళందరూ ఎక్కారు. సుజాత చివర్లో వచ్చి, నాతో మాట్లాడకుండా డ్రైవరు పక్కన కూర్చుంది. చేను దగ్గర దిగేసరికి మోటారు రూము తలుపు బార్లా తీసి ఉంది. ఎరువుల మూటలు ఒక మూలకు జరిపి, మీద పట్ట కప్పి ఉన్నాయి. లింగన్న దూరంగా చేనులో నిలబడి, మా వైపు చూడనట్టే ఉన్నాడు. నేను ఒడి కట్టుకుంటున్నాను. సుజాత నేరుగా ఆ గదిలోకి పోయింది. కంపమండ ఒకటి విరుచుకొని బూజు దులిపింది, నేల ఊడ్చింది, స్టార్టరు దగ్గరికి ఎవరూ పోకుండా రెండు రాళ్ళు అడ్డం పెట్టింది. చూద్దామని నేను గుమ్మం దాకా పోయాను.

“ఊడ్సినాను గదా, సెప్పులతో లోపలికి రావద్దు,” అంది. తర్వాత ఒడి కట్టుకొని నా పక్క సాలులోకి దిగింది.